సామ్ దిబ్బల టెంట్ల దగ్గర తూనీగలు, తోకపిట్టలు: ఇసుకలోకి ఎలా వస్తున్నాయి?

మణికొండ_మైనా అడిగారు:

మాఘ పౌర్ణమికి జైసల్మేర్‌లో జరిగే మరు మహోత్సవానికి హైదరాబాద్ నుంచి కొంతమందిమి వెళ్తున్నాం. బస సామ్ ఇసుక దిబ్బల పక్కన టెంట్లలో. అమీన్‌పూర్ చెరువు, అనంతగిరి వైపు పిట్టలు చూసే అలవాటు ఉంది కానీ ఎడారి మాకు పూర్తిగా కొత్త.

పోయినేడు అక్కడ దిగిన బంధువుల ఫోటోలు చూస్తే సందేహాలు మొదలయ్యాయి. వంట టెంటు వెనక పారే మురుగునీటి పక్కన తోక ఊపే తెలుపు, బూడిద రంగు పిట్ట. నల్ల టార్పాలిన్ మీద తోక చివర పదే పదే ఆనిస్తున్న తూనీగ. చెత్త డ్రమ్ము మీద మామూలు కాకి కంటే బాగా పెద్ద కాకి. ఫోటోల్లో చుట్టూ ఇసుక తప్ప ఏమీ లేదు. ఇవన్నీ దారి తప్పి వచ్చినవా, అక్కడ ఉండేవేనా?

ఇంకొకటి, రాత్రి తెల్ల దుప్పటి కట్టి లైటు పెట్టి మాత్‌లు (రాత్రిపూట ఎగిరే, సీతాకోకచిలుకల్లాంటి రెక్కల పురుగులు) చూద్దామని ఉంది. వెన్నెల రాత్రుల్లో పనికొస్తుందా, ఏమేం తీసుకెళ్లాలి? అరుదైనది ఏదైనా కనిపిస్తే నలుగురూ నమ్మేలా ఎలా నమోదు చేయాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరు.

గండిపేట_గట్టు:

ఆ మూడింట్లో ఏదీ దారి తప్పింది కాదండి. కెమెరా దిబ్బల వైపు కాకుండా టెంట్ల వైపు తిప్పండి, విషయం అర్థమవుతుంది. ఎడారిలో కరువైనవి నాలుగు: నీళ్లు, నీడ, తిండి, రాత్రి వెలుగు. క్యాంపు ఈ నాలుగూ తెచ్చి ఒక్కచోట పెడుతుంది. అందుకే సామ్‌లో "ఇది ఇక్కడెలా?" అనిపించేవి ఎక్కువగా వంట టెంటుకూ బాత్రూముల వరసకూ మధ్యనే కనిపిస్తాయి. దానికి తోడు ఇందిరా గాంధీ కాలువ జైసల్మేర్ జిల్లాలో రామ్‌గఢ్, మోహన్‌గఢ్ వైపు దాకా వచ్చింది. ఊరి అంచునే గడీసర్ చెరువు ఉంది. అంటే నీటి పిట్టలకూ నీటి పురుగులకూ కొన్ని పదుల కిలోమీటర్లు ఎగిరితే చాలు.

తోక ఊపేది వైట్ వ్యాగ్‌టెయిల్. చలికాలంలో మన గండిపేట గట్టుకు వచ్చే వలస పిట్టే. తడి నేల, దాని మీద ఈగలు ఉంటే దానికి ఎడారైనా ఒకటే. అదే తడి చుట్టూ బ్లూత్రోట్ (నీలి గొంతు చిన్న పిట్ట) కూడా దొరుకుతుంది. కాకపోతే అది బయటికి వచ్చి నిలబడదు, డ్రమ్ముల చాటున ఎలుకలా నడుస్తుంది. ట్యాంకర్ నీళ్లు దించే చోటు ఎక్కడో మొదటి రోజే క్యాంపు వాళ్లను అడిగి పెట్టుకోండి. పైపు కారే చోట పది పదిహేను అడుగుల దూరంలో, ఎండ వీపుకు ఉండేలా కూర్చుంటే దిబ్బలన్నీ తిరిగినదానికంటే ఎక్కువ చూస్తారు.

పెద్ద కాకి రేవెన్. మన ఊళ్లో కాకికి మెడ బూడిద రంగు. దీనికి ఒళ్లంతా నలుపే, ముక్కు లావు, ఎగిరేటప్పుడు తోక చివర విసనకర్రలా గుండ్రంగా ఉండదు, మధ్య ఈకలు పొడుగై కోణంగా కనిపిస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. ఎండ వాలుగా పడితే దీని మెడ గోధుమ రంగులో మెరుస్తుంది. అది చూసి చాలామంది బ్రౌన్-నెక్డ్ రేవెన్ (ఇంకో జాతి) అని పెట్టేస్తారు. రంగు ఒక్కటే సరిపోదు. ముక్కు మందం, తోక ఆకారం, కూత రికార్డింగ్ లేకుండా ఆ పేరు రాయొద్దు.

మిమ్మల్ని నిజంగా తికమక పెట్టేవి వీటియర్లు అనే చిన్న పిట్టలు. టెంటు తాడు మీద, మేకు మీద, ఒంటె జీను మీద ఎక్కడ చూసినా ఇవే. దూరం నుంచి అన్నీ ఒకేలా ఉంటాయి. ముఖం చూస్తూ కూర్చోకండి, తోక చూడండి. నడుము తెల్లగా, తోక దాదాపు మొదలు దాకా నల్లగా ఉంటే డెజర్ట్ వీటియర్, మగదానికి గొంతు కూడా నలుపే. తోక పొట్టిగా, చివరి సగం వరకు వెడల్పాటి నల్ల పట్టీ ఉండి, ఒళ్లు ఇసుక రంగులో నిటారుగా నిలబడితే ఇసబెలిన్. ఒళ్లు నలుపు తెలుపుల్లో ఉండి, తోక మీద నలుపు టీ అక్షరం తిరగేసినట్టు కనిపిస్తే వేరియబుల్. వాలినప్పుడు ఇవేవీ తేలవు. ఎగరబోయే ముందు పిట్ట కాస్త వంగుతుంది, అప్పుడే బర్స్ట్ (వరసగా ఫోటోలు తీసే మోడ్) నొక్కాలి. షటర్ 1/2000 పైన పెట్టుకోండి. పది ఫోటోల్లో ఒక్కదాంట్లో తోక విచ్చుకున్నా చాలు.

పిగిలిపిట్ట అనుకున్నది కూడా ఒకసారి సరిచూసుకోండి. అక్కడ చెంప తెల్లగా, తోక కింద పసుపు రంగు ఉండే వైట్-ఇయర్డ్ బుల్బుల్ మామూలు. అతిథుల టిఫిన్ బల్లల మీదికే వచ్చేస్తుంది. మన దగ్గర తోక కింద ఎరుపు ఉండేది వేరు.

టైము గురించి ఒక మాట. హైదరాబాద్ లెక్కలో ఆరున్నరకు లేచి వెలుగు కోసం చూడకండి. అక్కడ ఆ రోజుల్లో సూర్యుడు వచ్చేసరికి ఏడుంబావు అవుతుంది. శాండ్‌గ్రౌజ్‌లు (పావురాల్లాంటి ఎడారి పిట్టలు) ఎండ కాస్త ఎక్కాక, గుంపులు గుంపులుగా నీటికి దిగుతాయి. గొంతు గరగరలాడినట్టు కూస్తూ తల మీదుగా వెళ్తే ఏ దిక్కుకు వెళ్లాయో చూసుకోండి, ఆ వైపు నీరు ఉన్నట్టే. పది దాటితే ఇసుక మీద గాలి వేడెక్కి అలలు లేస్తుంది. అప్పుడు ఎంత పెద్ద లెన్స్ ఉన్నా దూరపు ఫోటో మసకే. అది ఫోకస్ తప్పు కాదు, సెట్టింగులు మార్చినా పోదు. దగ్గర పిట్టలకే పరిమితం కండి.

రెక్కలపురుగు_హెచ్‌వైడీ:

పిట్టల సంగతి గండిపేట అన్న చెప్పారు, నేను పురుగుల వైపు వస్తాను.

టార్పాలిన్ మీద తూనీగ చేస్తున్నది గుడ్లు పెట్టే ప్రయత్నం. నీటి మీద పడి తిరిగొచ్చే కాంతి అడ్డంగా ధ్రువీకరణ చెంది ఉంటుంది, అంటే దాని తరంగాలు ఎక్కువగా ఒకే దిశలో ఊగుతాయి. తూనీగ కన్ను నీటిని గుర్తుపట్టేది దానితోనే. నల్లటి నున్నటి టార్పాలిన్, కారు బానెట్, సోలార్ పలక కూడా కాంతిని అలాగే వెనక్కి పంపుతాయి, కొన్నిసార్లు నీటికంటే బలంగా. పాపం ఆ గుడ్లన్నీ ఎండిపోతాయి. మీరు చేయగలిగింది చిన్న పనే: ఆ టార్పాలిన్ మీద ఒక పాత దుప్పటి పరిచినా, నాలుగు దోసిళ్ల ఇసుక చల్లినా మెరుపు పోతుంది, తూనీగ వెళ్లిపోతుంది. ఏ జాతి అంటే, ఇలాంటి చోట ముందు చూడాల్సినవి రెండు. పసుపు ఒంటి గ్లోబ్ స్కిమ్మర్, వానాకాలంలో మన మైదానాల మీద గుంపులుగా తిరిగేది. రెండోది వేగ్రంట్ ఎంపరర్: దానికంటే పెద్దది, గోధుమ ఒళ్లు, నడుము మొదట్లో వీపు మీద నీలి మచ్చ. రెండూ సముద్రాలు దాటే వలస జీవులే, వాననీటి గుంటల్లో గబగబా పెరిగి ఎగిరిపోతాయి. కాబట్టి ఇసుక మధ్య తూనీగ కనబడటంలో విడ్డూరం లేదు.

ఇక దుప్పటి. ముందే చెప్పాలి, మీరు ఎంచుకున్నవి మాత్‌లు బాగా తక్కువ వచ్చే రాత్రులు. మహోత్సవం ముగిసేది పౌర్ణమికి. నిండు చంద్రుడు సూర్యాస్తమయానికే పైకొస్తాడు, తెల్లారేదాకా ఉంటాడు. ఆకాశమే వెలుగుతుంటే మీ దీపం ఎవరికి కనిపిస్తుంది? పైగా చలి. అక్కడ ఆ రోజుల్లో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి కూడా పోతుంది, 12 డిగ్రీల కింద ఎగిరే మాత్‌లు చాలా తగ్గిపోతాయి. అందుకని అర్ధరాత్రి దాకా కూర్చోవడం దండగ. చీకటి పడ్డప్పటి నుంచి ఎనిమిదిన్నర వరకే మీ సమయం.

సామాను ఇంతే: తెల్ల కాటన్ దుప్పటి (డబుల్ బెడ్‌ది వద్దు, సింగిల్ చాలు, గాలికి పెద్దది తెరచాపై కర్రల్ని పీకేస్తుంది), ఆరడుగుల కర్రలు రెండు, 4 మి.మీ. నైలాన్ తాడు పది మీటర్లు, 10 వాట్ల యూఎస్‌బీ అల్ట్రావయొలెట్ ఎల్‌ఈడీ, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు. ఆ పవర్ బ్యాంకు 74 వాట్-అవర్లు, నష్టాలు పోగా 10 వాట్ల దీపానికి ఆరు గంటలు వస్తుంది. మీకు కావాల్సింది రెండు గంటలే కాబట్టి ధారాళం.

అందరూ బోల్తా పడేది మేకుల దగ్గర. మామూలు టెంటు మేకు పొడి ఇసుకలో నిలవదు, ఒక్క లాగుకు ఊడొస్తుంది. బియ్యం సంచి లాంటి గుడ్డ సంచుల్లో ఇసుక నింపి, మూతి తాడుతో కట్టి, ఒక అడుగు లోతున పాతిపెట్టి, పైన ఇసుక తొక్కండి. తాడు దానికి కట్టండి. ఖాళీ సంచులు నాలుగు పట్టుకెళ్తే చాలు, బరువు ఉండదు. దుప్పటి అడుగు అంచు నేల మీద ఒకటిన్నర అడుగు పరుచుకునేలా వదలండి. సగం పురుగులు గుడ్డకు తగిలి కింద పడతాయి, అవి ఇసుకలో పడితే మళ్లీ కనబడవు. స్థలం: దిబ్బకు పడమటి వాలు. చంద్రుడు తూర్పున లేచేటప్పుడు దిబ్బ నీడ కొంతసేపు కాపాడుతుంది. క్యాంపు లైట్లు నేరుగా కనబడకూడదు.

వెన్నెల్లో కూడా కొంత పనిచేసేది, వాసనతో మాత్‌లను రప్పించే బెల్లం పాకం. అరకిలో బెల్లం, పావు లీటరు నీళ్లు, చిక్కబడేదాకా కాచి, దించాక బాగా మగ్గిన అరటిపండ్లు రెండు మెదిపి కలపండి. ఒక రోజు మూత వదులుగా పెట్టి పులవనివ్వండి, గట్టిగా బిగిస్తే డబ్బా పొంగుతుంది. ఖేజ్డీ (మన జమ్మి) చెట్టు ఉంటే దాని బెరడుకు పూయండి, లేదంటే మందపాటి నూలు తాడు ముంచి కట్టండి. ఉదయం తప్పకుండా తాడు తీసేయాలి. చీమలు పడతాయి, వాటి వెనక బల్లులు, పిట్టలు వచ్చి ఈకలకు పాకం అంటించుకుంటాయి.

పగలు వెతకాల్సింది జిల్లేడు. ఇసుక మధ్య పచ్చగా ఉండేది అదే. నల్ల, పసుపు, నీలి చారల జిల్లేడు మిడత, ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక, దాని గొంగళిపురుగు ఒకే మొక్క మీద దొరకొచ్చు. చార్మినార్ దగ్గర అమ్మే మిస్వాక్ పుల్లల చెట్టు జాతివాటిని అక్కడ జాల్ అంటారు. వాటి చుట్టూ లేత గులాబీ ఛాయ రెక్కల మొదట్లో నీలి బూడిద మచ్చ ఉన్న చిన్న సీతాకోకచిలుక తిరిగితే బ్లూ-స్పాటెడ్ అరబ్ అయ్యే అవకాశం ఎక్కువ, దాని పిల్ల పురుగు తినేది ఈ చెట్టు ఆకే.

మణికొండ_మైనా:

చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. పౌర్ణమి తర్వాత కూడా ఆగే వీలుంది. ఎన్ని రోజులు ఆగితే ఉపయోగం? ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు వచ్చే పర్పుల్ బల్బు పనికొస్తుందా? ఇంట్లో పెద్దవాళ్లు తేళ్ల గురించి భయపడుతున్నారు, అది కూడా చెప్పండి.

రెక్కలపురుగు_హెచ్‌వైడీ:

చంద్రోదయం రోజుకు ముప్పావు గంట నుంచి గంట చొప్పున వెనక్కి జరుగుతుంది. మూడు రోజులు ఆగితే చీకటి పడ్డాక గంటకు పైగా నల్లటి ఆకాశం దొరుకుతుంది. అప్పుడు టెంట్లలో జనం కూడా పలచబడతారు, లైట్లు తగ్గుతాయి.

బల్బు మీద 365 లేదా 395 నానోమీటర్లు అని రాసి ఉండాలి. ఉత్త పర్పుల్ రంగు అలంకరణ బల్బులు చాలావరకు పనికిరావు. పరీక్ష సులువు: చీకట్లో కరెన్సీ నోటు పట్టండి. నంబర్లు, కాగితంలోని సన్నటి పోగులు మెరిస్తే సరే. దీపం వైపు నేరుగా చూడొద్దు, పిల్లలకు మరీ మరీ చెప్పండి.

అదే 395 టార్చి తేళ్లకూ పనికొస్తుంది. తేలు ఒళ్లు ఆ వెలుగులో ఆకుపచ్చ నీలం కలిసినట్టు మెరుస్తుంది, చాలా దూరం నుంచే తెలుస్తుంది. చలికి అవి పెద్దగా తిరగవు గానీ, టెంటు అడుగు గుడ్డ కిందా, బూట్లలో దూరతాయి. పడుకునే ముందు మంచం చుట్టూ ఒకసారి టార్చి తిప్పండి, ఉదయం బూట్లు దులపండి. చాలు. పొడుగు కాళ్లతో సర్రున పరుగెత్తే గోధుమ రంగుది, పది కాళ్లున్నట్టు కనబడేది సోలిఫ్యూజ్ (సాలీడుకు దగ్గరి చుట్టం). విషం లేదు, పట్టుకుంటే మాత్రం గట్టిగా కరుస్తుంది. ఆరు తెల్ల చుక్కల పెద్ద నల్ల పురుగు కనిపిస్తే ముఖం దగ్గర పెట్టకండి, ఆమ్లం చిమ్ముతుంది, కంట్లో పడితే ప్రమాదం. మన దగ్గర వానాకాలంలో కనబడేదే అది.

షామీర్‌పేట_గూడు:

దుప్పటి గురించి నాది కాస్త వేరే అభిప్రాయం. అంత సామాను మోయనక్కర్లేదు. క్యాంపు వాళ్లే రాత్రంతా లైట్లు వేస్తారు, తెల్ల టెంటు గోడలున్నాయి. బాత్రూముల వరస బయటి గోడ, జనరేటర్ పక్క గోడ, ఈ రెండే చాలు. అసలు చిట్కా టైములో ఉంది. సూర్యోదయానికి అరగంట ముందే వెళ్లాలి, ఎందుకంటే వెలుగు రాగానే బ్లాక్ రెడ్‌స్టార్టులు, వీటియర్లు ఆ గోడల మీదికి దిగి మాత్‌లను ఒక్కొక్కటీ ఏరుకు తింటాయి. ఎనిమిదింటికి వెళ్తే గోడ కింద రెక్కలు మాత్రమే మిగులుతాయి. ఆ రెక్కలు కూడా ఫోటో తీయండి, కొన్నిసార్లు ముందు రెక్క ఒక్కటే జాతి చెప్పేస్తుంది.

చలికి కదలలేని మాత్‌ను గోడ నుంచి పీకొద్దు. వణుకుతూ కనిపిస్తే ఎగరడానికి కండరాలు వేడి చేసుకుంటోందని అర్థం, దాన్ని వదిలేయండి.

ఆ ఉదయపు సమయంలోనే దిబ్బ మీద అడుగుజాడలు చదవొచ్చు. ఒంటెలు, జీపులు రాకముందు, సూర్యుడు నేలకు ఆనుకుని ఉన్నప్పుడు ప్రతి చుక్కకూ నీడ పడుతుంది. నల్ల డార్క్‌లింగ్ పురుగు నడిచిన దారి రెండు వరసల సన్నటి చుక్కల్లా, మధ్యలో ఖాళీతో, వాలు మీద వంకర లేకుండా పోతుంది. చివరికి ఒక గడ్డి దుబ్బు మొదట్లో ఆగుతుంది. అక్కడ వేలితో ఒక అంగుళం ఇసుక తప్పిస్తే పురుగు తల కిందికి పెట్టి కూరుకుని ఉంటుంది. చూశాక మళ్లీ కప్పేయండి. జాడ మధ్యలో సన్నటి గీత ఉంటే తోక ఈడ్చిన బల్లి. గరాటు లాంటి గుంట కనిపిస్తే అడుగున చీమల కోసం కాచుకున్న యాంట్‌లయన్ పిల్ల.

రోళ్లపాడు_గడ్డి:

నమోదు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి అది రాస్తాను.

పిట్టకైతే ఈబర్డ్‌లో (చూసిన పిట్టల్ని నమోదు చేసే యాప్) క్యాంపుకు ఒక లిస్టు, దిబ్బలకు ఇంకో లిస్టు, రోడ్డుకు వేరేది. అన్నీ కలిపి ఒకే లిస్టులో వేస్తే "టెంట్ల దగ్గర నీటి పిట్టలు" అన్న అసలు సంగతే మాయమవుతుంది. అరుదైనదని యాప్ ఎర్రగా చూపిస్తే వ్యాఖ్యలో "స్పష్టంగా చూశాను" అని రాయడం వల్ల లాభం లేదు. ఎంత దూరం నుంచి, వెలుతురు ఏ వైపు, తోక, రెక్క, ముక్కు ఎలా ఉన్నాయి, దీన్నే పోలిన ఇంకో జాతి కాదని ఎందుకు అనుకున్నారు, ఇవి రాయాలి. ఆ చివరిది రాస్తే సమీక్షకులకు సగం పని తగ్గుతుంది. ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ (అందరూ కలిసి పిట్టల్ని లెక్కపెట్టే కార్యక్రమం) ఉంటుంది. మీ తేదీలు కలిస్తే టెంటు ముందు 15 నిమిషాలు కూర్చుని లెక్కపెట్టినా అందులో చేరుతుంది.

పురుగుకైతే ఐనాచురలిస్ట్ (ఫోటోలతో జీవుల్ని నమోదు చేసే యాప్) నయం. పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, ముఖం ఒకటి, అది ఉన్న మొక్క లేదా గోడ ఒకటి. పక్కన 15 సెం.మీ. స్కేలు ముక్క పెట్టండి. ఏ దీపం కింద, ఎన్ని గంటలకు అన్నది రాయండి. మొక్క ఫోటో చాలామంది వదిలేస్తారు, కానీ గొంగళిపురుగుల విషయంలో గుర్తింపు దాని మీదే నిలబడుతుంది. పసుపో, గులాబియో ఒక్క మిడత కనబడగానే "మిడతల దండు" అని వాట్సాప్‌లో పెట్టకండి. 2019, 2020ల్లో ఆ జిల్లా రైతులు నిజం దండునే చూశారు, అక్కడ ఆ మాట తేలిక కాదు. నిజంగా గుంపుగా దిగుతున్నాయనుకుంటే ఫోటో, స్థలం, టైముతో స్థానిక వ్యవసాయ అధికారులకు చెప్పాలి.

ఇక బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్). మన రోళ్లపాడులో 1988లో దీని కోసమే అభయారణ్యం పెట్టారు, అక్కడ అది దాదాపు కనుమరుగైంది. ఇప్పుడు దేశంలో మిగిలినవాటిలో ఎక్కువ భాగం జైసల్మేర్ చుట్టుపక్కలే ఉన్నాయి. సామ్ పక్కనే 3,162 చదరపు కిలోమీటర్ల డెజర్ట్ నేషనల్ పార్క్, సామ్‌లోనే 2019 నుంచి నడుస్తున్న సంరక్షణ, సంతానోత్పత్తి కేంద్రం. ఆ కేంద్రం చూసే చోటు కాదు, అటు వెళ్లే ప్రయత్నం చేయొద్దు. పార్కులో సుదాసరి వైపు వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి ముందే జైసల్మేర్‌లో తీసుకోవాలి. జీపు డ్రైవరు "సార్, దగ్గరికి తీసుకెళ్తా" అని దారి వదిలి గడ్డిలోకి దింపబోతే గట్టిగా వద్దనండి. ఇది నేల మీద, సాధారణంగా ఒకే ఒక్క గుడ్డు పెట్టే పిట్ట. ఒక్క టైరు చాలు ఆ ఏడాది సంతానం పోవడానికి. కనిపిస్తే ఖచ్చితమైన స్థలం ఎక్కడా బయటపెట్టకండి, జిల్లా పేరు చాలు. కూతలు ఫోన్లో వినిపించి పిలవడం, డ్రోన్ ఎగరేయడం అసలే వద్దు.

ఆకాశం వైపు చూసేటప్పుడు కరెంటు తీగలు కూడా చూడండి. ఈ పిట్ట బరువైనది, దాని కళ్లు పక్కలకు ఉంటాయి, ఎదురుగా ఉన్న తీగ ఆనదు, ఆనినా చటుక్కున తిరగలేదు. సుప్రీంకోర్టు 2021లో తీగలు భూగర్భంలో వేయమన్నది అందుకే, 2024లో ఆ ఉత్తర్వును మార్చి నిపుణుల కమిటీ వేసింది. తీగల కింద చచ్చిపడిన పెద్ద పిట్ట ఏది కనిపించినా ముట్టుకోకుండా ఫోటో, స్తంభం మీది నంబరు, టైము తీసుకుని అటవీ శాఖకు తెలియజేయండి. ఆ స్తంభం నంబరు లేకపోతే ఫిర్యాదు ముందుకు కదలదు.

గండిపేట_గట్టు:

ఒకటి మర్చిపోయాను. టెంటు ముందు పిట్టల కోసం నీళ్ల గిన్నె పెట్టాలనిపిస్తుంది. పెడితే లోతు ఒక అంగుళం మించకుండా, మధ్యలో రాయి వేసి, మీరు ఖాళీ చేసే రోజు బోర్లించి రండి. బక్కెట్లు రాత్రి మూత లేకుండా వదలకండి, పురుగులు, బల్లులు, కొన్నిసార్లు పిట్టలు కూడా అందులో పడి బయటికి రాలేవు.

కెమెరా లెన్స్ బయట మార్చొద్దు. తప్పదంటే పెద్ద జిప్ కవర్లో రెండు చేతులూ పెట్టి మార్చండి. ఇసుక పడితే గుడ్డతో తుడవకుండా ముందు బ్లోయర్‌తో ఊదాలి, తుడిస్తే గీతలు పడతాయి. విమానంలో వెళ్తే పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే పెట్టుకోవాలి, చెక్-ఇన్ సామానులో ఉంటే తీయించేస్తారు. కర్రలు ఇక్కడి నుంచి మోయకండి, క్యాంపు వాళ్లను అడిగితే వెదురు బొంగులు ఇస్తారు.